చిన్న వ్యాపారం, పక్కా బిల్లు: పన్ను కట్టించేవి ఏవి?

ఒకే వీధిలో పక్కపక్కనే ఉన్న రెండు చిన్న వ్యాపారాలలో ఒకటి ప్రతి అమ్మకానికీ పక్కా బిల్లు ఇచ్చి గడువులోగా పన్ను కడుతుండగా, రెండోది కచ్చా చీటీలతో నెట్టుకొస్తుంటే, ఆ తేడాను యజమానుల నిజాయితీకి ఆపాదించడం లోకంలో పరిపాటి. పన్నుదారుల నడవడిపై గత యాభై ఏళ్లలో సాగిన పరిశోధన నిజాయితీ పాత్రను కాదనకుండానే, దానికంటే ముందుగా చూడవలసినవి మరికొన్ని ఉన్నాయని చూపింది. సరుకును లేదా సేవను కొనేది ఎవరు, డబ్బు ఏ దారిన వస్తుంది, లెక్కలు రాయించడానికి ఎంత ఖర్చవుతుంది, చట్టం చెప్పేది వ్యాపారికి అర్థమవుతున్నదా, పన్ను అధికారి తనను ఎలా చూస్తాడని ఆ వ్యాపారి అనుకుంటున్నాడు అనే ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి, ఒకే మనిషి ఒక వ్యాపారంలో క్రమం తప్పని పన్నుదారుగా, మరొక వ్యాపారంలో లెక్కకు అందనివాడిగా మారవచ్చు.

ఈ ప్రశ్నలన్నింటినీ ఒకేచోట పెట్టి పరిశీలించడానికి హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతం అనువైనది. నీలం సంజీవరెడ్డి పేరు పెట్టుకున్న ఎస్.ఆర్. నగర్‌లోనూ, మైత్రీవనం చుట్టుపక్కల సందులలోనూ సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లు, వాటిలో చేరడానికి జిల్లాల నుంచి వచ్చే యువతీయువకులకు వసతి ఇచ్చే హాస్టళ్లు, వారి మీద ఆధారపడి నడిచే మెస్‌లు, కర్రీ పాయింట్లు, టిఫిన్ సెంటర్లు, జిరాక్స్ దుకాణాలు కిక్కిరిసి ఉంటాయి. పంజాగుట్ట వైపు వెళితే నగలు, వస్త్రాల పెద్ద షోరూములు వస్తాయి. ఈ వ్యాపారాలన్నింటికీ వర్తించే వస్తు సేవల పన్ను (జీఎస్టీ) చట్టం ఒక్కటే అయినా, ఒక్కొక్కదానికి ఆ చట్టంతో ఉన్న సంబంధం ఒక్కో రకంగా ఉంటుంది.

పన్ను నిబంధనల పాటింపు అంటే పన్ను కట్టడం ఒక్కటే కాదు. ఓఈసీడీ దేశాల కూటమి 2004లో పన్నుల శాఖల కోసం రూపొందించిన మార్గదర్శకాల ప్రకారం అందులో నాలుగు బాధ్యతలున్నాయి: పన్ను శాఖ వద్ద నమోదు కావడం, గడువులోగా రిటర్ను అంటే లెక్కల పత్రం దాఖలు చేయడం, అందులో సరైన వివరాలు చూపడం, చూపిన పన్నును గడువులోగా కట్టడం. నమోదే చేయించుకోని టిఫిన్ సెంటరుదీ, అన్నీ సరిగా చూపించినా పెద్ద కంపెనీ నుంచి రావలసిన డబ్బు అందక గడువు దాటించిన చిన్న సరఫరాదారుదీ చట్టం దృష్టిలో తప్పే అయినప్పటికీ, రెండింటికీ కారణాలు వేరు కనుక విరుగుడు కూడా వేరుగానే ఉండాలి. ఇక చిన్న, మధ్యతరహా అన్న మాటలకు కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 1 నుంచి ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. టర్నోవర్ పరంగా చూస్తే ఏడాదికి 10 కోట్ల వరకు ఉన్నవి సూక్ష్మ, 100 కోట్ల వరకు చిన్న, 500 కోట్ల వరకు మధ్యతరహా సంస్థలు. ఆ లెక్కన ఎస్.ఆర్. నగర్ సందులలోని వ్యాపారాలలో అత్యధికం సూక్ష్మ సంస్థల కిందికే వస్తాయి.

కొనేది ఎవరు?

జీఎస్టీ నిర్మాణమంతా ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ మీద, అంటే కొనుగోలుపై కట్టిన పన్నును అమ్మకంపై కట్టవలసిన పన్నులోంచి మినహాయించుకొనే హక్కు మీద నిలబడి ఉన్నది. ఒక శిక్షణ సంస్థ లక్ష రూపాయల కంప్యూటర్లు కొని వాటిపై 18 శాతం చొప్పున 18,000 రూపాయల పన్ను చెల్లించిందనీ, అదే నెలలో ఐదు లక్షల ఫీజులు వసూలు చేసి వాటిపై 90,000 పన్ను రాబట్టిందనీ అనుకుంటే, ప్రభుత్వానికి అది కట్టవలసింది 72,000 మాత్రమే. ఆ 18,000 మినహాయింపు దక్కాలంటే కంప్యూటర్లు అమ్మిన దుకాణం పక్కా బిల్లు ఇవ్వాలి, ఆ బిల్లును తన రిటర్నులో చూపాలి, పన్ను కూడా కట్టాలి. కనుక ఏ అధికారీ రాకుండానే కొన్నవాడు అమ్మినవాడిని నిలదీస్తాడు, ఇద్దరి లెక్కలూ ఒకదానికొకటి సాక్ష్యంగా నిలుస్తాయి.

అదే సంస్థలో 20,000 రూపాయల కోర్సులో చేరిన విద్యార్థికి పరిస్థితి పూర్తిగా వేరు. అతడు 3,600 పన్నుతో కలిపి 23,600 చెల్లించినా, ఆ పన్నును మినహాయించుకోవడానికి అతనికి వ్యాపారం లేదు. బిల్లు వల్ల అతనికి చేతికొచ్చేది ఏమీ లేనప్పుడు, బిల్లు లేకుండా కాస్త తక్కువకు ఇస్తామన్న మాట వినిపిస్తే అది ఇరువురికీ లాభంగానే కనిపిస్తుంది. అదే శిక్షకుడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగులకు పాఠాలు చెప్పినప్పుడు మాత్రం పక్కా బిల్లు లేనిదే ఆ కంపెనీ డబ్బు విడుదల చేయదు. మనిషి మారలేదు, పాఠమూ మారలేదు, కొనేవాడు మారాడు.

డీనా పొమెరాంజ్ అనే ఆర్థికవేత్త చిలీ దేశంలో నాలుగు లక్షలకు పైగా సంస్థలతో జరిపి 2015లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయాన్ని గణాంకాలతో నిరూపించింది. తనిఖీ జరగవచ్చునన్న హెచ్చరిక లేఖలకు స్పందించి ఎక్కువ పన్ను కట్టినవి నేరుగా వినియోగదారులకు అమ్మే స్థాయిలో ఉన్న వ్యాపారాలేననీ, వ్యాపారాల మధ్య జరిగే అమ్మకాలలో బిల్లుల జాడే ముందునుంచి కాపలా కాస్తున్నందువల్ల అక్కడ లేఖల ప్రభావం అంతగా లేదనీ అందులో తేలింది. దీనికి మరో పార్శ్వం కూడా ఉన్నది. అమ్మకాన్ని దాచదలచిన చిల్లర వ్యాపారి కొనుగోలును కూడా దాచక తప్పదు కనుక అతడు బిల్లు లేకుండా సరుకిచ్చే టోకు వర్తకుణ్ణి వెతుక్కుంటాడు. హైదరాబాద్ బజారులో జీరో దందా అని పిలిచే బిల్లు లేని వర్తకం అలా ఒక సమాంతర గొలుసుగా ఏర్పడుతుంది. పన్ను కట్టే అలవాటు ఒకరి నుంచి ఒకరికి పాకినట్టే, ఎగవేత కూడా పాకుతుంది.

ఇరవై లక్షల గీత

జీఎస్టీలో నమోదు అందరికీ తప్పనిసరి కాదు. సేవలందించే వ్యాపారాలకు తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితేనే ఆ బాధ్యత వస్తుంది. కేవలం సరుకులు అమ్మేవారికి ఈ పరిమితిని 40 లక్షలకు పెంచుకొనే వీలును 2019 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాలకు కల్పించినప్పుడు ఆంధ్రప్రదేశ్ దాన్ని తీసుకున్నది, తెలంగాణ మాత్రం 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. రోజువారీ లెక్కన చూస్తే హైదరాబాద్‌లోని కిరాణా దుకాణం రోజుకు సుమారు 5,480 రూపాయల అమ్మకంతోనే గీత దాటుతుండగా, విజయవాడలో అదే తరహా దుకాణానికి ఆ గీత దాదాపు 10,960 రూపాయల దగ్గర ఉంటుంది. పన్ను లేని పాలు, కూరగాయల అమ్మకాన్ని కూడా పన్ను ఉన్న సరుకుల అమ్మకంతో కలిపి టర్నోవర్‌గా లెక్కిస్తారన్న సంగతి చాలామంది చిన్న వర్తకులకు గీత దాటిన తరువాతనే తెలుస్తుంది.

ఇటువంటి గీత దగ్గర వ్యాపారి ఆలోచన ఎలా సాగుతుందో ఒక టిఫిన్ సెంటరు లెక్కతో గ్రహించవచ్చు. చిన్న వ్యాపారుల కోసం ఏర్పాటైన కాంపొజిషన్ పథకంలో, అంటే బిల్లు బిల్లుకూ పన్ను లెక్కించకుండా టర్నోవర్‌పై నిర్ణీత శాతం కట్టే పద్ధతిలో, మద్యం అమ్మని హోటళ్లకు రేటు 5 శాతం, సాధారణ వర్తకులకు 1 శాతం. ఏడాదికి 19 లక్షల అమ్మకం ఉన్న టిఫిన్ సెంటరు కట్టవలసిన జీఎస్టీ సున్న. అమ్మకం 21 లక్షలకు చేరి కాంపొజిషన్‌లో స్థిరపడ్డాక అది ఏడాది మొత్తానికి 1,05,000 రూపాయలు కట్టాలి, పైగా ఈ పథకంలో ఆ పన్నును వినియోగదారుని నుంచి విడిగా వసూలు చేయకూడదు. అదనంగా పెరిగిన రెండు లక్షల అమ్మకంపై మిగిలే లాభం ఆ పన్నుకు సరిపోకపోవచ్చు. అందువల్ల అమ్మకాలను 20 లక్షలకు కాస్త కింద ఉన్నట్టు చూపడమో, వ్యాపారాన్ని భార్య పేరునా తమ్ముడి పేరునా ముక్కలు చేయడమో, నిజంగానే ఎదుగుదలను ఆపుకోవడమో జరుగుతుంది. పరిమితికి అటూ ఇటూ పన్ను ఒక్కసారిగా మారే పలు దేశాలలో ఆ గీత కిందే వ్యాపారాలు గుమిగూడడం ఆర్థికవేత్తలు గమనించిన విషయమే.

లెక్కలు రాయించే ఖర్చు

పన్నుకు తోడు పన్ను కట్టడానికయ్యే ఖర్చు అనేది ఒకటున్నదనీ, అది చిన్నవారి మీదనే ఎక్కువ భారంగా పడుతుందనీ బ్రిటన్‌కు చెందిన సెడ్రిక్ శాండ్‌ఫర్డ్ 1970ల నుంచి వరుస అధ్యయనాలలో చూపారు. ఆడిటరు ఫీజు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, యజమాని సొంత సమయం వంటివి టర్నోవర్‌తో పాటు పెరిగేవి కావు. కోటి రూపాయల వ్యాపారానికి లెక్కలోకి రాని ఖర్చు పాతిక లక్షల వ్యాపారానికి లాభంలో గణనీయమైన భాగమవుతుంది. సాధారణ పద్ధతిలో నమోదైన వ్యాపారి ప్రతి నెలా 11వ తేదీకి అమ్మకాల వివరాలతో జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి పన్ను చెల్లింపుతో జీఎస్‌టీఆర్-3బి దాఖలు చేయాలి. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము, బకాయిపై ఏడాదికి 18 శాతం వడ్డీ పడతాయి. ఐదు కోట్లలోపు టర్నోవర్ ఉన్నవారికి మూడు నెలలకొకసారి రిటర్ను వేసే వీలును 2021 జనవరి 1 నుంచి కల్పించినా, పన్నును మాత్రం నెలనెలా కట్టవలసిందే. వీటికి తోడు వృత్తి పన్ను, నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు, ఉద్యోగుల భవిష్య నిధి, ఆదాయపు పన్ను వంటివి వేర్వేరు కార్యాలయాలకు, వేర్వేరు గడువులతో ఉంటాయి. ట్యాలీ, జీఎస్టీ కోర్సులు నేర్పే సంస్థలు వరుసగా ఉన్న అమీర్‌పేటలోనే, పక్కనున్న కర్రీ పాయింటు తన లెక్కల కోసం బయటి కన్సల్టెంటును వెతుక్కోవలసి వస్తుంది. నేర్చినవారు పెద్ద సంస్థల ఉద్యోగాలకు వెళ్లడం, వారి జీతాన్ని చిన్న దుకాణం భరించలేకపోవడం ఇందుకు కారణాలు.

ఖర్చు తగ్గిస్తే పాటింపు ఎలా సులువవుతుందో ఆదాయపు పన్నులోని అంచనా పద్ధతి చూపుతుంది. రెండు కోట్ల వరకు టర్నోవర్ ఉన్న చిన్న వ్యాపారి వివరమైన ఖాతా పుస్తకాలు లేకుండానే అందులో 8 శాతాన్ని లాభంగా ప్రకటించి పన్ను కట్టవచ్చు. బ్యాంకు ద్వారా, డిజిటల్ చెల్లింపుల ద్వారా వచ్చిన భాగానికి ఈ అంచనా 6 శాతమే. నగదు వసూళ్లు మొత్తంలో 5 శాతం మించకపోతే టర్నోవర్ పరిమితి మూడు కోట్ల దాకా ఉంటుంది. ఇలా ఒకే నిబంధన లెక్కల శ్రమను తగ్గించి, నగదు నుంచి డిజిటల్ వైపు మళ్లడానికి ప్రోత్సాహాన్ని కూడా ఇస్తున్నది.

ఖర్చు కంటే ఎక్కువగా కలవరపెట్టేది చేతిలో డబ్బు ఆడకపోవడం. జీఎస్టీలో పన్ను బాధ్యత సాధారణంగా బిల్లు రాసిన తేదీతో మొదలవుతుంది కానీ డబ్బు అందిన తేదీతో కాదు. ఒక పెద్ద సంస్థకు లక్ష రూపాయల సేవ అందించి 18,000 పన్నుతో బిల్లు పంపిన చిన్న వ్యాపారి, ఆ సంస్థ మూడు నెలల తరువాత చెల్లించినా, పన్నును మాత్రం మరుసటి నెలలోనే తన జేబులోంచి కట్టాలి. సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపును ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులలో పూర్తి చేయాలని, అలా చెల్లించకపోతే ఆ ఖర్చును కొనుగోలుదారు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోవడానికి వీల్లేదని 2024 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధన ఈ ఇబ్బందిని కొంతవరకే తీరుస్తుంది. దీనికి తోడు అమ్మినవాడు పన్ను కట్టకపోతే, అతనికి డబ్బంతా చెల్లించిన కొనుగోలుదారు కూడా తాను తీసుకున్న క్రెడిట్‌ను వెనక్కి ఇచ్చుకోవలసి వస్తుంది. గొలుసును బలపరచవలసిన ఏర్పాటే క్రమం తప్పని వ్యాపారికి ఇతరుల తప్పును అంటగడుతుంది.

చట్టం తేటతెల్లంగా ఉన్నదా?

1776లో ఆడమ్ స్మిత్ మంచి పన్నుకు చెప్పిన లక్షణాలలో ఒకటి నిశ్చయత, అంటే ఎంత, ఎప్పుడు, ఎలా కట్టాలో కట్టేవాడికి ముందే స్పష్టంగా తెలియడం. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల ఉదాహరణ ఈ సూత్రం ఎంత విలువైనదో తెలుపుతుంది. రోజుకు వెయ్యి రూపాయలలోపు అద్దె ఉన్న వసతికి తొలుత జీఎస్టీ మినహాయింపు ఉండగా, దాన్ని 2022 జులై 18న తొలగించి 12 శాతం పన్ను విధించారు. హాస్టల్ అనేది నివాస గృహమే కనుక తమకు వేరే మినహాయింపు వర్తిస్తుందని నిర్వాహకులు వాదించగా, కర్ణాటకలోని అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ, అంటే చట్టం వర్తింపుపై ముందస్తు వివరణ ఇచ్చే సంస్థ, 2023లో ఆ వాదనను తిరస్కరించింది. చివరకు జీఎస్టీ కౌన్సిల్ 2024 జూన్ 22న జరిగిన 53వ సమావేశంలో, ఒక్కొక్కరికి నెలకు 20,000 రూపాయల వరకు అద్దె ఉండి కనీసం 90 రోజులు ఎడతెగకుండా ఉండే వసతికి పన్ను వద్దని సిఫార్సు చేయగా, జులై 15 నుంచి అది అమలులోకి వచ్చింది.

ఈ ప్రాంతపు సాధారణ హాస్టళ్ల అద్దె ఆ 20,000 పరిమితికి చాలా లోపే ఉంటుంది కనుక మొదటి షరతుతో పేచీ లేదు. రెండో షరతుతోనే చిక్కు. రెండు నెలల కోర్సు ముగించుకొని వెళ్లిపోయే విద్యార్థి, ఉద్యోగం వచ్చేదాకా ఏడాది పాటు ఉండే విద్యార్థి ఒకే గదిలో పక్కపక్క మంచాలపై ఉన్నప్పుడు, మొదటివాడి అద్దె పన్నుకు లోబడుతుంది, రెండోవాడిది లోబడదు. చేరేనాడు ఎవరు ఎన్ని రోజులు ఉంటారో నిర్వాహకుడికి తెలియదు. రెండేళ్ల వ్యవధిలో ఇన్ని మలుపులు తిరిగిన నిబంధనను సగటు హాస్టల్ యజమాని తప్పుగా అర్థం చేసుకుంటే దాన్ని ఎగవేత అనడం కష్టం. జీఎస్టీ రేట్లను 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రధానంగా 5, 18 శాతాలకు కుదించడం ఈ దిశలో మేలు చేసే మార్పు. ఏ వస్తువు ఏ రేటు కిందికి వస్తుందన్న వివాదాలు దానివల్ల తగ్గుతాయి.

భయమూ నమ్మకమూ

పన్ను ఎగవేతను తొలిసారిగా గణిత సిద్ధాంతంగా మలచిన ఆలింగ్‌హామ్, శాండ్‌మో 1972లో రాసిన వ్యాసంలో పన్నుదారుడు దొరికిపోయే అవకాశాన్నీ దొరికితే పడే జరిమానానూ బేరీజు వేసుకొని నిర్ణయం తీసుకుంటాడని ప్రతిపాదించారు. తనిఖీలు నిజానికి కొద్దిమందికే జరుగుతున్నా ఎక్కువమంది పన్ను ఎందుకు కడుతున్నారో వివరించడానికి ఈ సిద్ధాంతం ఒక్కటే చాలదు. డెన్మార్క్‌లో జరిగి 2011లో వెలువడిన విస్తృత అధ్యయనం యజమాని, బ్యాంకు వంటి మూడో పక్షం నేరుగా ప్రభుత్వానికి తెలియజేసే ఆదాయంలో ఎగవేత దాదాపు శూన్యమనీ, ఎవరికి వారు చెప్పుకొనే ఆదాయంలోనే అది గణనీయంగా ఉందనీ తేల్చింది. వినియోగదారు బిల్లు అడగని వీధి వ్యాపారానికి ఇప్పుడు యూపీఐ క్యూఆర్ కోడ్ అటువంటి మూడో సాక్షిగా మారింది.

అయితే సమాచారం ఉన్నంత మాత్రాన పాటింపు పెరగదని 2025 జులైలో బెంగళూరు అనుభవం నేర్పింది. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల వివరాల ఆధారంగా చిన్న దుకాణదారులకు గత కొన్నేళ్ల బకాయిల నోటీసులు పంపగా, పన్ను లేని పాలు, కూరగాయలు అమ్మేవారు కూడా వాటిలో చిక్కుకున్నారు. చాలా దుకాణాలలో క్యూఆర్ కోడ్‌లు మాయమై నగదు మాత్రమే అన్న బోర్డులు వెలిశాయి. పాత బకాయిలు వసూలు చేయబోమని, ఇకపై నమోదు చేయించుకుంటే చాలని ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. వియన్నా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ కిర్చ్‌లర్ బృందం 2008లో చెప్పిన సూత్రం ఇక్కడ సరిగా వర్తిస్తుంది: అధికారం వల్ల వచ్చే పాటింపు బలవంతపుది, నమ్మకం వల్ల వచ్చేది స్వచ్ఛందమైనది, నమ్మకం లేనిచోట అధికారాన్ని పెంచితే దాగుడుమూతలు పెరుగుతాయి.

నమ్మకం చిన్న చిన్న అనుభవాలతోనే ఏర్పడుతుంది. టర్నోవర్ కోటిన్నర లోపు ఉన్నవారిలో 90 శాతం మందిని రాష్ట్ర ప్రభుత్వ అజమాయిషీలో ఉంచాలని జీఎస్టీ కౌన్సిల్ 2017లోనే నిర్ణయించింది కనుక, ఎస్.ఆర్. నగర్ చిన్న వ్యాపారి దృష్టిలో ప్రభుత్వం అంటే ముఖ్యంగా రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖే. జీఎస్టీ పోర్టల్‌లో పెట్టిన నోటీసు కన్సల్టెంటు చూసి చెబితే తప్ప వ్యాపారికి తెలియకపోవడం, తెలిసినా అందులోని భాష అర్థం కాకపోవడం ఆ సంబంధాన్ని మొదట్లోనే చెడగొడతాయి. మరోవైపు, 2017-18 నుంచి 2019-20 వరకు ఉన్న కొన్ని వివాదాలలో అసలు పన్ను 2025 మార్చి 31లోగా కట్టినవారికి వడ్డీ, జరిమానా మాఫీ చేసిన పథకం కొత్త చట్టపు తొలి గందరగోళాన్ని దృష్టిలో పెట్టుకున్న న్యాయమైన ఉపశమనమే అయినా, ఇటువంటివి తరచుగా వస్తే గడువులోగా కట్టినవారు తామే నష్టపోయామనుకొనే ప్రమాదమున్నది.

చేయదగినవి

పై కారణాలను కలిపి చూస్తే చేయవలసినవి కొన్ని స్పష్టంగా కనిపిస్తాయి. గీత దాటగానే మొత్తం అమ్మకంపై పన్ను పడే పద్ధతికి బదులు మొదటి ఒకటి రెండు సంవత్సరాలు తక్కువ రేటుతో మొదలయ్యే ఏర్పాటు ఉంటే ఎదుగుదలకు శిక్ష పడదు. డబ్బు అందాకే పన్ను కట్టే వీలు దేశానికి కొత్త కాదు. 50 లక్షలలోపు సేవలందించే వ్యక్తులకు, భాగస్వామ్య సంస్థలకు జీఎస్టీకి ముందున్న సేవాపన్ను కాలంలో 2012 నుంచి అది ఉండేది, బ్రిటన్‌లో 13.5 లక్షల పౌండ్ల టర్నోవర్ వరకు ఇప్పటికీ ఉన్నది. వినియోగదారుకు బిల్లులో ప్రయోజనం చూపడం మరో మార్గం. బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్రం 2007లో బిల్లు అడిగినవారికి పన్నులో కొంత వాపసు, లాటరీ బహుమతులు ఇవ్వడం మొదలుపెట్టాక, చిల్లర వ్యాపారాలు చూపిన అమ్మకాలు నాలుగేళ్లలో కనీసం 21 శాతం పెరిగాయని జోవానా నరితోమి అధ్యయనం తేల్చింది. కేరళ కూడా 2022లో లక్కీ బిల్ యాప్‌తో ఇదే దారిని ప్రయత్నించింది.

వీటన్నింటికంటే తక్కువ ఖర్చుతో అయ్యేది తెలుగులో రాసిన సరళమైన సమాచారం, నోటీసుకు ముందే ఒక వివరణ లేఖ, గీతకు దగ్గరగా వచ్చిన వ్యాపారులకు స్థానిక వాణిజ్య పన్నుల కార్యాలయంలో ఒక సహాయ కేంద్రం. ఎన్ని నోటీసులు పంపారు, ఎంత జరిమానా రాబట్టారు అన్నవి ఏటా నివేదికలకు ఎక్కే అంకెలే. చిన్న వ్యాపారుల విషయంలో పన్ను పాలన గెలిచిందో లేదో చెప్పగలిగే అంకె వేరు: తమంతట తాము 20 లక్షల గీత దాటినట్టు చూపినవారు ఎందరు, వారిలో మూడేళ్ల తరువాత కూడా నమోదు రద్దు చేసుకోకుండా రిటర్నులు వేస్తున్నవారు ఎందరు అన్నదే ఆ అంకె.